లూజు

నెలకి ఎనిమిది రాత్రులు పడుకునే గదికి
ముప్పై రోజుల అద్దె కట్టీ కట్టీ
చివరికి రాయగడలో తాళంచెవి తిరిగిచ్చేశాం.
మిగతా రాత్రులన్నీ సంతల్లోనే.
ఇక ఇల్లంటే బండే.
ఎంత బండి అన్నదే తేలలేదు.

జయపురం రోడ్డులో కృపాసింధు మహారణా షెడ్డు.
లారీలకీ, పెళ్ళి బాజా బళ్ళకీ బాడీలు కడతాడు.
మూడు చూపించాడు.
ఇరవై రెండడుగుల పాత స్కూలు బస్సు,
కిటికీ కింద ఎవరో పిల్ల గీసిన పిల్లి ఇంకా ఉంది.
ఒక అంబులెన్సు.
ఒక డొక్కు ఫోర్ నాట్ సెవెన్, వెనక పధ్నాలుగడుగులు.

మా గవరయ్యకి బస్సు మీద మనసు.
"మంచం, బాగుచేసే మిషన్లు నాలుగు, నీకో వంటగట్టు,
మధ్యలో మనిషి నడవొచ్చు కూడానే" అని
లోపల అటూ ఇటూ నడిచి చూపించాడు
కొత్తల్లుడిలా.

నా మెడలో టేపు ఉంది.
ముప్పై ఏళ్ళు జాకెట్లు కుట్టినదాన్ని,
నోటితో చెప్పే కొలత నమ్మను.
"పోయినేటి కొలతే" అంటారు,
ఒళ్ళు వేరే చెబుతుంది.

ముందు ఆయన్ని గచ్చు మీద పడుకోమన్నాను.
మోకాళ్ళు ముడుచుకునే మనిషి,
అయిదూ ఎనిమిది కాస్తా నాలుగున్నరే.
నా వెడల్పు మహారణా రాసుకున్నాడు, మీకెందుకు.
బియ్యం డబ్బా గుండ్రం, మూలలు దండగ,
పలక డబ్బా కొనాలి.

తర్వాత కళ్ళు మూసుకుని రోడ్డు కొలిచాను.
కాశీపురం ఘాటీలో మూడో వంపు.
బస్సు ఒక్కసారికి తిరగదు. వెనక్కి, ముందుకి, మళ్ళీ వెనక్కి,
కింద ఎవరిదో చోడి చేను.
చాటికోన సంతలో చింతకొమ్మ,
దాని కిందే మా కొట్టు,
డొంగ్రియా ఆడవాళ్ళు దుప్పట్ల మీద పూలకి
ఎర్రదారం, పసుపుదారం బేరమాడేదీ అక్కడే.
బస్సు నెత్తి ఆ నీడలో పట్టదు.

అంబులెన్సు ఎక్కడికైనా పోతుంది.
నిలబడితే తల తగులుతుంది.
ఎవరెవరు అందులో పడుకుని వెళ్ళారో అని
నేను పైకి అనలేదు, గవరయ్యే అన్నాడు.

ఇక పధ్నాలుగు.
అక్కడ మాటా మాటా పెరిగింది.
బస్సంటే బస్సని ఆయన.
నేను విసురుగా బయటికొచ్చి
పాత టైర్ల గుట్ట దగ్గర ఆగాను.
కోపం దిగాక వెనక్కి చూసి,
అలవాటు కొద్దీ, టేపు పరిచాను.
పంతొమ్మిదడుగుల చిల్లర.

అదీ అసలు కొలత.
బస్సులో పడుతుంది, బస్సు కొండలో పట్టదు.

మహారణా బీడీ ఆర్పాడు.
"మావుసీ, వెనక తలుపు కిందికి వాలేలా పెడతా.
దింపితే నాలుగడుగుల అరుగు.
అలకొస్తే అక్కడ కూర్చో."
"పద్దెనిమిదే అయింది" అన్నాను.
"మిగతాది నేల" అన్నాడు.

జాకెట్టు పక్కకుట్టు లోపల
అంగుళం గుడ్డ వదులుతాం, ఒళ్ళొస్తే విప్పుకోడానికి.
ఇంటికి ఆ అంగుళం బయట వదలాలని
ఇన్నేళ్ళకి ఓ వడ్రంగి చెప్పాడు.
అడ్వాన్సు ఇచ్చేశాం.

నిన్న మునిగూడలో ఒకటే వాన.
తలుపు వాల్చే దారి లేదు.
పప్పులో ఉప్పు దగ్గర మొదలై
బస్సు దాకా వచ్చింది గొడవ.
ఆయన డ్రైవరు సీట్లోకి పోయి అటు తిరిగాడు,
ఒంటి వైపరు వేసుకుని ఎటూ పోని రోడ్డు చూస్తూ.
నేను దిండు గలీబు కుడదామని కూర్చుంటే
సూదిలోకి దారం ఎక్కదు.
"నా కళ్ళద్దాలు నీ సీటు కింద ఉన్నాయి" అని అరిచాను.
అరవక్కర్లేదు.
ఇటు తిరక్కుండానే చెయ్యి వెనక్కి చాచాడు,
అందాయి.